సివిల్ డిప్లొమా పూర్తి చేసిన మేనకోడలికి ఉత్తరం

విజయనగరం,
ఆదివారం ఉదయం

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు ఫోనులో పంపిన మూడు కాగితాల ఫోటోలనూ పెద్దవి చేసుకుని, కళ్లజోడు తుడుచుకుని రెండుసార్లు చదివాను. డిప్లొమా వాళ్లను నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేర్చుకునే ఈసెట్ పరీక్ష రాసి ఇక్కడే బీటెక్ సివిల్‌లో చేరడం ఒక దారి. కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్ అన్న పేరుతోనే ఉన్న డిగ్రీ చేయడం రెండో దారి. మూడోది నీ స్నేహితురాలి అన్నయ్య చెప్పిన ఇంజనీరింగ్ టెక్నాలజీ, అదీ అమెరికాలో. ఏది మంచిదో ఒక్క మాటలో చెప్పమన్నావు. చెబుతాను. బీటెక్ సివిల్ చెయ్యి. రెండేళ్లు సైటులో పని చెయ్యి. ఆ తరువాత మేనేజ్‌మెంట్ చదువు. ఈ వరుస మాత్రం మార్చకు. ఎందుకో చెప్పాలంటే నా ఇరవై నాలుగో ఏట జరిగిన ఒక సంగతి నీకు తెలియాలి. మీ అమ్మకు కూడా ఇంతవరకు చెప్పలేదు.

అప్పటికి నేను డిప్లొమాతో ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది. ఒక పంట కాలువ మీద రెండు చిన్న వంతెనలు కట్టాలి. రెండింటి మధ్య కిలోమీటరు దూరం. ఒక్కొక్క శ్లాబు పొడవు ఐదు మీటర్లు. మొదటి శ్లాబు బాగా పోశాం. నేనే దగ్గరుండి బలం పరీక్షించే కాంక్రీటు క్యూబులు నింపించాను, గోనెపట్టలు కప్పించి తడిపించాను. ఆరో రోజు సాయంత్రం గుత్తేదారు మనిషి వచ్చి, రెండో వంతెన దగ్గర ముఠా ఊరికే కూర్చుని ఉంది, శ్లాబు కింద ఆనించిన సెంట్రింగ్ తీసి అక్కడికి పంపిస్తాను అన్నాడు. కాలువకు నీళ్లు వదిలే రోజు దగ్గర పడుతోంది. సైటులో ఉన్న సెంట్రింగ్ రేకులు, సరుగుడు బాదులు ఒక్క సెట్టే. నాలుగున్నర మీటర్లు దాటిన శ్లాబుకు కింది బాదులు 14 రోజులు ఉంచాలని కాంక్రీటు పనుల భారత ప్రమాణం ఐ.ఎస్. 456 చెబుతుంది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ గట్టిగా కాదనలేకపోయాను. బాదులు తీసిన మూడో రోజు పొద్దున్నే వెళ్లి శ్లాబు కింద వంగి చూస్తే, సరిగ్గా మధ్యలో ఈ అంచు నుంచి ఆ అంచు దాకా వెంట్రుకంత గీత కనిపించింది. దారం పట్టి చూశాం. శ్లాబు మధ్యలో దిగింది. దాన్ని పగలగొట్టి మళ్లీ పోశాం. గునపం దెబ్బ పడిన ప్రతిసారీ నా గుండె మీద పడినట్టే ఉండేది. 28 రోజులకు క్యూబులు పరీక్షిస్తే బలం సరిపోయిందనే ఫలితం వచ్చింది.

సిమెంటులో లోపం లేదు. కడ్డీలు సరిగ్గానే కట్టాం. లెక్కల్లో తప్పు దొర్లలేదు. రెండు శ్లాబులకు ఒక్క సెట్టు సెంట్రింగ్ చాలదని, నీళ్లు వదిలే తేదీలోపు ఆ సెట్టు రెండుసార్లు తిరగదని, రెండు నెలల ముందే ఎవరూ కాగితం మీద గీసి చూడలేదు. కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్ అంటే ఆ కాగితం. ఏ పని ఒక్క రోజు జారితే మొత్తం పని ఒక్క రోజు జారుతుందో ముందే పట్టుకోవడం ఆ చదువులో మొదటి పాఠం. 1957లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ తన రసాయన కర్మాగారాల పనుల కోసం, అలా జారకూడని పనుల వరుసను పట్టుకునే క్రిటికల్ పాత్ పద్ధతిని తయారు చేయించుకుంది. ఈ రోజు పనుల ప్లాను గీసే ప్రైమవెరా సాఫ్ట్‌వేర్‌లో నువ్వు నేర్చుకోబోయే లెక్క చాలావరకు అక్కడి నుంచి వచ్చినదే. నా వంతెన దగ్గర క్రిటికల్ పాత్ ఆ సరుగుడు బాదుల మీదుగా పోయింది. శ్లాబు కింద బాదులు ఎందుకు ఉంచాలో తెలియని వాడు అది కనిపెట్టలేడు. అందుకే ముందు సివిల్ అంటున్నాను.

ఇక డిగ్రీల పేర్ల సంగతి జాగ్రత్తగా చదువు. అమెరికాలో ఇంజనీరింగ్ వేరు, ఇంజనీరింగ్ టెక్నాలజీ వేరు. రెండూ నాలుగేళ్ల చదువులే. రెండింటికీ గుర్తింపు ఇచ్చేది ఏబెట్ సంస్థే అయినా, అందులో వాటిని చూసే కమిషన్లు వేరు. మొదటిదానిలో గణితం, సిద్ధాంతం లోతుగా ఉంటాయి. రెండోదానిలో ప్రయోగశాల, పరికరాలు, చేతి పని ఎక్కువ. రెండోది తక్కువ రకం చదువని నేను అనను. సైటు నడిపే వాళ్లలో చాలా మంచి వాళ్లు అలా చదివినవాళ్లే. కానీ ఇంజనీరుగా నక్షాల మీద సంతకం పెట్టే లైసెన్సు దగ్గరికి వచ్చేసరికి అక్కడి కొన్ని రాష్ట్రాలు టెక్నాలజీ డిగ్రీని ఒప్పుకోవు, కొన్ని ఎక్కువ ఏళ్ల అనుభవం అడుగుతాయి. కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్ డిగ్రీలకైతే ఏసీసీఈ అనే మండలి గుర్తింపు ఉందా లేదా చూస్తారు. ఆ అన్నయ్య ఇదంతా చెప్పి ఉండడు. అది అతని తప్పని కాదు, అతనికి ఆ అవసరం రాలేదు.

ఒకరి డిగ్రీలను ఒకరు గుర్తించే దేశాల మధ్య ఒప్పందాల్లో కూడా ఈ తేడా ఉంది. ఇంజనీరింగ్ డిగ్రీలకు 1989 నాటి వాషింగ్టన్ ఒప్పందం, టెక్నాలజీ డిగ్రీలకు 2001 నాటి సిడ్నీ ఒప్పందం. మన దేశం 2014లో వాషింగ్టన్ ఒప్పందంలో శాశ్వత సభ్యత్వం పొందింది. అంటే మన దేశంలో సాంకేతిక కోర్సులకు గుర్తింపు ఇచ్చే ఎన్.బి.ఎ. నుంచి టైర్-1 (మొదటి శ్రేణి) గుర్తింపు ఉన్న బీటెక్ ఇక్కడ చేస్తే రేపు బయటి దేశంలో దానికి విలువ కట్టడం తేలిక. ఆ గుర్తింపు కాలేజీ మొత్తానికి ఇవ్వరు. ఒక్కొక్క బ్రాంచికి, కొన్నేళ్ల గడువుతో ఇస్తారు. కాబట్టి గేటు మీద బోర్డు చూసి సంతోషపడకుండా, సివిల్ బ్రాంచికి ఉందా, ఏ ఏడాది దాకా ఉంది, ఏ టైరు అని మూడు ప్రశ్నలూ అడుగు.

ఇంకొక్క హెచ్చరిక. ఇంట్లో కూర్చుని దూరవిద్యలో ఇంజనీరింగ్ డిగ్రీ ఇప్పిస్తామని ఎవరైనా అంటే అక్కడ నిలబడకు. 2017 నవంబరులో అలాంటి డిగ్రీలకు వ్యతిరేకంగా సుప్రీంకోర్టు తీర్పు వచ్చినప్పుడు, డీమ్డ్ విశ్వవిద్యాలయాల నుంచి అలా డిగ్రీలు తెచ్చుకున్నవాళ్లు ఎంత కలత పడ్డారో నేను చూశాను. వాళ్లలో ఒకతను నా కింద పనిచేసిన కుర్రవాడు, బంగారం లాంటి పనివాడు.

ఇప్పుడు ఈసెట్. మొత్తం 200 మార్కుల్లో 100 నీ బ్రాంచి నుంచే వస్తాయి. గణితానికి 50, భౌతికశాస్త్రానికి 25, రసాయనశాస్త్రానికి 25. తప్పు జవాబుకు మార్కులు కోయరు. సివిల్ పేపరు నీకు భయం లేదని నాకు తెలుసు. డిప్లొమా పిల్లలు మొదటి ఏడాది గణితాన్ని మూటగట్టి అటక మీద పెట్టేస్తారు. దాన్ని దించు. ఈసెట్ కోసమే కాదు, నేరుగా రెండో ఏడాదిలో కూర్చున్నప్పుడు ఇంటర్ నుంచి వచ్చిన వాళ్లు కలనంలో నీకంటే ముందుంటారు. సర్వే గొలుసు, కాంక్రీటు దగ్గర మాత్రం నువ్వే వాళ్లకంటే ముందుంటావు. వాళ్లకు ఇది నేర్పి, వాళ్ల దగ్గర అది నేర్చుకో.

కాలేజీకి దూరం పోనక్కరలేదు. మన విజయనగరంలోని జేఎన్‌టీయూ కాలేజీ 2022లో గురజాడ పేరుతో విశ్వవిద్యాలయం అయింది. చింతలవలస, రాజాం, టెక్కలిలో కాలేజీలు ఉన్నాయి. ఏదైనా సరే, చేరే ముందు ఒకసారి వెళ్లి కాంక్రీటు ల్యాబు చూపించమని అడుగు. క్యూబులు పగలగొట్టే యంత్రం పళ్లెం మీద బూడిదరంగు పొడి ఉంటే పిల్లలు దాన్ని వాడుతున్నారని అర్థం. పళ్లెం మీద కొత్త పెయింటు మెరుస్తుంటే ఇంకో కాలేజీ చూడు.

చదువుతున్న మూడేళ్లలో ఏం చేయాలో నా మాట విను. ఆదివారం సైటుకు వెళ్లు. మీ వీధిలో ఎవరు ఇల్లు కడుతున్నా అది నీకు బడే. టేపు పట్టుకుని గోడ కొలిచి, సైటులో పనుల కొలతలు రాసే ఎం.బుక్‌లో రాసినట్టే నోటుపుస్తకంలో పొడవు, వెడల్పు, ఎత్తు వేసుకుని, ఎన్ని ఇటుకలు పట్టాయో లెక్క కట్టి, తాపీ మేస్త్రిని అడుగు. నీ లెక్కకూ అతని లెక్కకూ తేడా వస్తే అది ఎక్కడ వచ్చిందో తేలేదాకా వదలకు. ప్లాస్టరింగులో అర చదరపు మీటరు లోపు ఖాళీలకు కోత ఉండదన్న చిన్న నియమం తెలియక మొత్తం బిల్లును తప్పుగా రాసిన వాళ్లు ఉన్నారు. కొలతల నియమాలున్న ఐ.ఎస్. 1200 తెచ్చుకుని కొంచెం కొంచెంగా చదువు. బిల్లింగు తెలిసిన ఇంజనీరుకు సైటులో మర్యాద వేరు.

కడ్డీల సంగతి చూడు. వ్యాసాన్ని వ్యాసంతో గుణించి 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుందని డిప్లొమాలో చదివావు. 12 ఎం.ఎం. కడ్డీ 0.89 కిలోలు, 16 ఎం.ఎం. కడ్డీ 1.58 కిలోలు. ఇనుప సామాన్ల కొట్టుకు వెళ్లి మీటరు ముక్క కొలిచి తూకం వేయించు. ఒక్కసారి చేతిలో ఆ బరువు తెలిస్తే, తరువాత లారీ దిగుతున్నప్పుడు మోస్తున్న వాళ్ల నడక చూసే నీకు అనుమానం రావాలి. కాంక్రీటు ఎంత జారుగా ఉందో చూసే స్లంప్ కోన్ కూడా అంతే. 300 ఎం.ఎం. ఎత్తు గిన్నెను పొర పొరకూ 25 పోట్లు పొడిచి నింపి, నెమ్మదిగా పైకి లాగితే కాంక్రీటు ముద్ద కూర్చుండిపోతుంది. అది ఎంత దిగిందో స్కేలు పెట్టి చూడకముందే చెప్పగలిగే దాకా చేస్తూ ఉండు. నాకు అది మూడు వానాకాలాలు పట్టింది.

నీకు ఇంకొక బలం ఉంది. హైదరాబాదులోనో చెన్నైలోనో ఏ సైటుకు వెళ్లినా సెంట్రింగ్ ముఠాలో, కాంక్రీటు ముఠాలో మన శ్రీకాకుళం, విజయనగరం మనుషులు కనిపిస్తారు. ఉడుపుల కాలంలో వాళ్లు ఎందుకు ఊరికి వెళ్లిపోతారో, సంక్రాంతికి పది రోజులు సైటు ఎందుకు ఖాళీ అవుతుందో నీకు ఎవరూ చెప్పనక్కరలేదు. కంప్యూటర్‌లో ప్లాను గీసే వాళ్లు జనవరి రెండో వారంలో శ్లాబు పెట్టి, ఆ తరువాత ముఠా లేదని మేస్త్రి మీద కేకలు వేస్తారు. మన తీరంలో అక్టోబరును కూడా నమ్మకూడదు. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న వచ్చింది, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస వైపు తీరాన్ని ఊడ్చేసింది. పునాది గోతులు తెరిచి పెట్టే పనులను ఆ నెలలో వేయకూడదని నీ ప్లానులోనే ఉండాలి. మన చుట్టుపక్కల పెద్ద పనులకూ ఇప్పుడు కొదవ లేదు. మూలపేట పోర్టుకు, భోగాపురం విమానాశ్రయానికి 2023లోనే శంకుస్థాపన జరిగింది. మా కాలంలో ఇంత పెద్ద పని చూడాలంటే రైలెక్కి రాత్రంతా ప్రయాణం చేయాల్సి వచ్చేది. సెలవుల్లో ఇంటర్న్‌షిప్ కోసం ఇలాంటి చోట్లకే దరఖాస్తు పెట్టు.

రెండేళ్ల సైటు తరువాత పైచదువు. గేట్ రాస్తే ఐఐటీ మద్రాసులో కన్‌స్ట్రక్షన్ టెక్నాలజీ అండ్ మేనేజ్‌మెంట్ ఎంటెక్ ఉంది. విజయవాడ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో బిల్డింగ్ ఇంజనీరింగ్ అండ్ మేనేజ్‌మెంట్ ఉంది. 1983లో ఈ విషయం కోసమే పెట్టిన నిక్‌మార్‌కు పుణేతో పాటు హైదరాబాదులోనూ ప్రాంగణం ఉంది. అక్కడ కాంట్రాక్టుల చట్టం, క్లెయిములు, డబ్బు రాకపోకలు చెప్పేటప్పుడు, సైటు చూడని పిల్లలు నోట్సు రాసుకుంటారు. నీకు మాత్రం ఒక గుత్తేదారు ముఖం, ఒక ఆగిపోయిన బిల్లు గుర్తుకు వస్తాయి. ఆ చదువు అప్పుడే ఒంటబడుతుంది.

మీ అమ్మ కంప్యూటర్ సైన్సు వైపు మారమంటోందని రాశావు. ఆమె భయం జీతం గురించి కాదు, సైటులో ఆడపిల్ల ఎలా ఉంటుందన్నది. అది తీసిపారేయదగ్గ భయం కాదు. ఉద్యోగం ఇస్తామన్నప్పుడు సైటులో మరుగుదొడ్డి ఎక్కడ ఉంది, రాత్రి కాంక్రీటు ఉంటే ఇంటికి బండి ఎవరు పంపిస్తారు అని సిగ్గుపడకుండా అడుగు. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టంలోనే మరుగుదొడ్లు ఉండాలని, 50 మందికి మించి ఆడవాళ్లు పనిచేసే చోట పిల్లల కోసం గది ఉండాలని అప్పట్లోనే రాశారు. ఇసుక మోసే ఆడవాళ్ల కోసం కూడా నువ్వు ఆ ప్రశ్న అడగాలి. వాళ్లు అడగలేరు. అమ్మతో నేను మాట్లాడతాను. మా చెల్లెలు నా మాట వెంటనే ఒప్పుకోదు, రెండు రోజులు ఆలోచిస్తుంది, తరువాత ఒప్పుకుంటుంది.

వచ్చే ఆదివారం ఆమదాలవలసలో పొద్దున్న రైలెక్కి ఇక్కడికి రా. మా వెనక వీధిలో శ్లాబు పోస్తున్నారు, మేస్త్రికి చెప్పి ఉంచాను. డిప్లొమా మార్కుల జాబితా, నీ సర్వే ఫీల్డు బుక్ తీసుకురా. చెప్పులు వద్దు, బూట్లు వేసుకో. మీ అత్తయ్య నీకోసం మాగాయ తీసి పెట్టింది.

మీ మామయ్య