మూడు వారాల తర్వాతి గోరు

పాపా,

గోళ్ల పని నేర్పే కోర్సులని నువ్వు వాట్సాప్‌లో పంపిన రెండు కాగితాలూ కళ్లద్దాలు పెట్టుకుని మొత్తం చదివాను. ఒకటి బెంగళూరులో మూడు రోజులు, పద్దెనిమిది వేలు, కిట్ ఫ్రీ. ఇంకోటి ఇక్కడే కడపలో నలభై ఐదు రోజులు, ముప్పై ఐదు వేలు, కిట్ మనమే కొనుక్కోవాలి. "మూడు రోజులదే మేలు కదా పెద్దమ్మా, డబ్బూ మిగులుతుంది, టైమూ మిగులుతుంది" అన్నావు. మీ నాయనకూ అదే నచ్చిందట. నచ్చదా మరి! నేనూ ఒకప్పుడు అట్లే లెక్క వేసుకున్నాను.

పార్లర్ పెట్టిన కొత్తలో త్రెడింగ్, ఫేషియల్, పెళ్లికూతురి మేకప్ ఇంతే నా పని. గోళ్ల పని అడిగేవాళ్లు మొదలయ్యాక ఒక పెద్ద ఊరికి వెళ్లి నాలుగు రోజులు నేర్చుకుని వచ్చాను. ఆ ఇన్‌స్టిట్యూట్ పేరు ఇప్పుడెందుకులే. ఏసీ హాలు, ఇరవై రెండు మందిమి, ఒక్కటే ట్రైనర్. మొదటి రోజు ప్లాస్టిక్ చెయ్యి మీద. రెండో రోజూ ప్లాస్టిక్ చెయ్యి మీదే. మూడో రోజు పక్కన కూర్చున్న అమ్మాయి చేతికి, అదీ రెండు వేళ్లకు. నాలుగో రోజు ఫోటోలు, సర్టిఫికెట్లు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆ సర్టిఫికెట్ మడత పడకుండా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

నెల తిరక్కుండానే ఒక ప్రొద్దుటూరు పెళ్లికూతురు వచ్చింది. పది వేళ్లకూ అక్రిలిక్ ఎక్స్‌టెన్షన్లు, అంటే సొంత గోళ్ల మీద కట్టే పొడుగు గోళ్లు పెట్టాను. పెళ్లిలో అందరూ ఆ పిల్ల చేతులు పట్టుకుని చూసినవాళ్లే. ఇరవయ్యో రోజు అత్తగారిని వెంటబెట్టుకుని మళ్లీ వచ్చింది. ఉంగరం వేలికీ మధ్య వేలికీ పెట్టిన గోళ్లు మొదలు దగ్గర లేచిపోయాయి. ఆ సందులో నీళ్లు చేరి, కింద సొంత గోరు పెసరపొట్టు రంగుకు తిరిగింది. "తీసెయ్యక్కా" అంది. తీయడం నాకు ఎవరూ నేర్పలేదు పాపా! ఆ నాలుగు రోజుల్లో చెప్పింది పెట్టడం ఒక్కటే. పుషర్ అని గోటి మొదట్లో చర్మాన్ని వెనక్కి తోసే పుల్ల ఉంటుంది, దాని అంచు సందులో దూర్చి లేపాను. టప్‌మని ఊడి వచ్చింది. తిప్పి చూస్తే దాని అడుగున ఆ పిల్ల సొంత గోరు, ఉల్లిపొరలాగా అంటుకుని ఉంది. వేలి మీద మిగిలింది కాగితమంత పలచన, లోపలి ఎరుపు బయటికి కనిపిస్తూ. చన్నీళ్లు తగిలినా చెయ్యి వెనక్కి లాక్కునేది. పక్క వేలికి అప్పటికే గోరుచుట్టు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, ఆ రోకలి ఆ రోజు నా చేతిలో ఉంది.

చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. మొదలు నుంచి కొస దాకా కొత్త గోరు రావాలంటే ఆరు నెలలు. మాఘమాసంలో నేను చేసిన పనిని ఆ పిల్ల దసరా ముందు దాకా వేళ్ల మీద మోసింది. డబ్బు వెనక్కి ఇచ్చాను కానీ, దాంతో ఏమవుతుంది?

మూడు రోజుల కోర్సు వద్దని నేను అనేది అందుకే. ట్రైనర్ ఎంత మంచిదైనా సరే, మూడు వారాల తర్వాత నీ పని ఎలా ఉంటుందో ఆ గదిలో ఎవరూ చూడలేరు. పెట్టిన రోజు అందరి గోళ్లూ బాగానే ఉంటాయి. గోరు మీద నూనె మిగిలిందా, గోటి మొదట్లో అంటుకుని ఉండే క్యూటికల్ పొర సరిగా తీయలేదా, ల్యాంప్ వెలుగులో గట్టిపడే జెల్ చర్మానికి తగిలిందా, ఇవన్నీ బయటపడేది పదో రోజు తర్వాతే. గోరు పెరిగేకొద్దీ మొదలు దగ్గర ఖాళీ వస్తుంది, మందంగా ఉండాల్సిన చోటు ముందుకు జరుగుతుంది, బరువంతా కొస మీద పడుతుంది. అప్పుడు ఆ ఖాళీని మళ్లీ నింపి సరిచేయాలి, దాన్నే రీఫిల్ అంటారు. మన సంపాదన అసలు ఆ రీఫిల్‌లోనే ఉంది. కొత్తగా పెట్టించుకునేవాళ్లు పండక్కో పెళ్లికో వస్తారు. రెండు మూడు వారాలకోసారి తిరిగి వచ్చేవాళ్లే కరెంటు బిల్లు కడతారు.

అలాగని నలభై ఐదు రోజులని రాసి ఉన్నంత మాత్రాన అది మంచిదని కాదు. ముప్పై రోజులు ప్లాస్టిక్ చేతుల మీదే గడిపేవాళ్లూ ఉన్నారు. నువ్వు ఫోన్‌లో కాదు, స్వయంగా వెళ్లు. ముందు చెప్పకుండా, మధ్యాహ్నం పూట క్లాసు నడుస్తుండగా వెళ్లు. ఒక గంట కూర్చుని చూస్తానని అడుగు. కూర్చోనివ్వకపోతే అక్కడికక్కడే లేచి వచ్చెయ్. కూర్చోనిస్తే, నేర్చుకునే అమ్మాయిల ముందు ఉన్నవి ఎవరి చేతులో చూడు. కోర్సు మొత్తంలో ఒక్కొక్కరు ఎంతమంది నిజమైన మనుషులకు చేస్తారు, అదే మనిషి మళ్లీ వచ్చి నీ చేతనే రీఫిల్ చేయించుకుంటుందా, నువ్వే తీస్తావా, ఇవి అడుగు. "అవన్నీ ప్రాక్టీసులో వచ్చేస్తాయి మేడమ్" అంటే రావని అర్థం.

తీయడం ఎలా నేర్పుతారో ప్రత్యేకంగా అడుగు. పైన ఉన్న మందాన్ని ఫైల్‌తో, అంటే గోరు అరగదీసే పట్టీతో తగ్గించాలి, అసిటోన్ అనే కరిగించే ద్రవంలో ముంచిన దూది గోటి మీద పెట్టి ఫాయిల్ చుట్టాలి, పది పదిహేను నిమిషాలు ఆగాలి, మెత్తబడినదాన్నే నెమ్మదిగా తోయాలి, మెత్తబడకపోతే మళ్లీ చుట్టాలి. గట్టి జెల్ కొన్ని రకాలు అసిటోన్‌కు కరగవు, వాటిని ఫైల్‌తోనే తగ్గించుకుంటూ రావాలి. ఈ తేడా చెప్పగలిగిన ట్రైనర్ దొరికితే సగం పని అయినట్టే. ఫైల్ మీద ఉండే అంకెలు కూడా అడిగి చూడు. అంకె తగ్గేకొద్దీ గరుకు ఎక్కువ. 100 అంకె ఫైల్‌తో సొంత గోరు మీద రుద్దే చోట ఫీజు కట్టొద్దు.

ఇక గోళ్లకు వాడే మందుల సంగతి. ఇది కొంచెం పెద్దగా రాస్తున్నాను, విసుక్కోకుండా చదువు. అక్రిలిక్‌కు పొడీ, ద్రవమూ రెండూ కావాలి. ఆ ద్రవం సీసా మీద చిన్న అక్షరాలు చదువు. ఇథైల్ మిథాక్రిలేట్ అని ఉండాలి. మిథైల్ మిథాక్రిలేట్, అంటే ఎంఎంఏ అని ఉంటే వద్దు. పేర్లు అక్కాచెల్లెళ్లలాగా ఉంటాయి కానీ గుణాలు వేరు. ఎంఎంఏ చవక, వాసన ఘాటు. గట్టిపడితే రాయిలాగా ఉంటుంది, అసిటోన్‌కు ఒక పట్టాన లొంగదు. అలాంటి గోరు బీరువా తలుపుకు తగులుకుంటే అది విరగదు, కింద ఉన్న సొంత గోరును పీక్కుని వస్తుంది. అమెరికాలో గోళ్లు పాడయ్యాయని, అలర్జీలు వచ్చాయని ఫిర్యాదులు వస్తే 1970ల్లోనే అక్కడ మందులనూ సౌందర్య సాధనాలనూ చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ నూరు శాతం ఎంఎంఏ ఉన్న ద్రవాల మీద కోర్టుకు వెళ్లి వాటిని మార్కెట్ నుంచి తీయించింది. ఫ్రీ కిట్‌లో లేబుల్ లేని సీసా ఇస్తే అది ఎందుకు ఫ్రీ అయిందో ఆలోచించు.

జెల్ అయితే వాసన ఉండదు కాబట్టి ఏమీ కాదనుకుంటారు. గట్టిపడని జెల్ చర్మానికి మళ్లీ మళ్లీ తగిలితే అలర్జీ వస్తుంది. వేళ్ల కొసలు దురద, పగుళ్లు, నీటి బుడగలు. కస్టమర్‌కు రెండు మూడు వారాలకోసారి తగిలితే నీకు రోజుకు ఐదారుసార్లు తగులుతుంది. ఒకసారి వచ్చిందంటే అది దాదాపు జీవితాంతం ఉంటుంది, ఈ వృత్తే వదులుకోవాల్సి వస్తుంది. పళ్ల డాక్టర్లు వాడే కొన్ని ఫిల్లింగ్‌లలోనూ ఈ జాతి పదార్థాలే ఉంటాయి, అక్కడా ఇబ్బందే. అందుకని క్లాసులో నైట్రైల్ గ్లవ్స్ వేసుకుంటున్నారా, వాటిని మధ్యమధ్య మారుస్తున్నారా, చర్మం మీదికి కారిన జెల్‌ను ల్యాంప్ కింద పెట్టకముందే తుడుస్తున్నారా, ఇవి కళ్లారా చూడు. ఏ జెల్‌కు ఏ ల్యాంప్ అనేది కూడా చెప్పాలి. ల్యాంప్ సరిపోకపోతే పైన గట్టిగా కనిపిస్తుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. జెల్ గట్టిపడటానికి కలిపే టీపీవో అనే పదార్థాన్ని యూరప్‌లో 2025 సెప్టెంబర్ 1 నుంచి సౌందర్య సాధనాల్లో నిషేధించారు. ట్రైనర్‌ను దీని గురించి ఊరికే అడిగి చూడు. తెలియకపోతే నేరం కాదు. తెలిసినా తెలియకపోయినా విసుక్కుంటే మాత్రం గమనించుకో.

ఏసీ కోసమని కిటికీలన్నీ మూసేసిన గది అయితే అడుగు పెట్టగానే నీ ముక్కే చెబుతుంది.

బెంగళూరు చల్లదనంలో నేర్చుకుని మన ఊర్లో చేయాలంటే ఇంకో తిప్పలు ఉంది. మన ఏప్రిల్ ఎండకు అక్రిలిక్ ముద్ద బ్రష్ మీదే బిగుసుకుపోతుంది, జెల్ పలచబడి పక్కలకు జారుతుంది. నేను మొదటి ఎండాకాలంలో ఇది తెలియక నాదే చేతకానితనం అనుకుని ఏడ్చినంత పని చేశాను. కడపలో వేసవి బ్యాచ్‌లో చేరితే చెమటతో పాటు ఆ సంగతీ వచ్చేస్తుంది.

మనకు ఎవరు వస్తారో కూడా చూసుకో. ఫోన్లో చూపించే అంగుళం పొడుగు గోళ్లు ఇక్కడ నెలకు ఒకరు అడిగితే ఎక్కువ. చేత్తో కలుపుకుని తినేవాళ్లం, గిన్నెలు తోమేవాళ్లం, పప్పులో పసుపు వేసేవాళ్లం. లేత రంగు జెల్ వేసుకుని నలుగు పెట్టించుకున్న పెళ్లికూతురి గోళ్లు సాయంత్రానికి పచ్చగా అవుతాయి. నలుగు అయ్యాకే గోళ్ల పని పెట్టుకోమని ముందే చెప్పాలి. మన దగ్గరికి వచ్చే ముస్లిం ఆడవాళ్లలో రోజూ నమాజు చేసేవాళ్లు వజూకు, అంటే నమాజుకు ముందు చేతులూ ముఖమూ కడుక్కోవడానికి అడ్డమని పాలిష్ వద్దంటారు. వాళ్లకు శుభ్రమైన మానిక్యూర్ కావాలి, అది బాగా చేస్తే ఇంటిల్లిపాదీ వస్తారు. కాబట్టి పొట్టి గోటి మీద జెల్, పొడుగు పెంచకుండా సొంత గోటి మీదే పొర వేసే ఓవర్లే, మానిక్యూర్ బాగా నేర్పే చోటు చూడు. గోటి మీద నెమలి బొమ్మలు తర్వాత నేర్చుకోవచ్చు.

సర్టిఫికెట్ గురించి మీ నాయన అడిగాడట. పార్లర్‌కు వచ్చినవాళ్లు ఇన్నేళ్లలో ఒక్కరు కూడా నా సర్టిఫికెట్ చదవలేదు. ఉద్యోగానికో లోనుకో పనికొస్తుంది కాబట్టి ఉంటే మంచిదే. ఐటీఐలో కాస్మెటాలజీ ఏడాది ట్రేడ్ ఉంది. అనంతపురంలో రూడ్‌సెట్ అనే స్వయం ఉపాధి శిక్షణ సంస్థ వాళ్లు బ్యూటీపార్లర్ శిక్షణ ఉచితంగా, భోజనం వసతితో ఇస్తారు. అందులో త్రెడింగ్ నుంచి బ్రైడల్ దాకా అన్నీ ఉంటాయి కనుక గోళ్లకు దక్కే టైము తక్కువే. నీకు పార్లర్ పని మొత్తం తెలియదు కాబట్టి ముందు అది చేసి, ఆ పైన గోళ్ల కోర్సు చేసినా తప్పు లేదు. విదేశీ ముద్ర ఉన్న కాగితమైతే పరీక్ష ఎవరు పెడతారో అడుగు. నూరు శాతం ఉద్యోగం గ్యారంటీ అంటే కాగితం మీద రాసి సంతకం పెట్టమను, మాట మార్చేస్తారు.

ఫీజు ఒకేసారి కట్టకు, రెండు మూడు కంతులు అడుగు. తర్వాత సొంతంగా టేబుల్, ల్యాంప్ పెట్టుకోవడానికి బ్యాంకులో ముద్ర లోనులో శిశు అనే రకం కింద 50,000 రూపాయల దాకా తాకట్టు లేకుండా ఇస్తారు, ఆ సంగతి అప్పుడు చూద్దాం.

ఈ ఆదివారం బస్సెక్కి వచ్చెయ్. గోళ్లు కత్తిరించుకోకుండా రా. నీ ఎడమ చేతి చిటికెన వేలికి ఒక్క గోరు పెడతాను. దాంతోనే గిన్నెలు తోము, పిండి కలుపు, తల రుద్దుకో. ఎక్కడైనా లేచినా, నొప్పి చేసినా వెంటనే ఫోన్ చెయ్, నువ్వుగా పీక్కోవద్దు. మూడు వారాలకు మళ్లీ వస్తే నేను పక్కన కూర్చుని చెబుతాను, నువ్వే తియ్. ఫీజు ఎవరికి కట్టేదీ ఆ రోజు మాట్లాడుకుందాం. వచ్చేటప్పుడు జేజి దగ్గర నుంచి ఊరగాయ జాడీ తీసుకురావడం మర్చిపోకు.

మీ పెద్దమ్మ
కడప