అడిగితే చెబుతా: చూపుతో నడిచే కంప్యూటర్లు

కిందటి సంచికలో మంచం పట్టినవారికి పనికొచ్చే పరికరాల గురించి రాస్తూ, కంటి చూపును పసిగట్టి నడిచే కంప్యూటర్ల మాట ఒక్క వాక్యంలో ప్రస్తావించాను. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ ఆ ఒక్క వాక్యం గురించే. ఒకదానికి తీరిగ్గా, మిగతావాటికి క్లుప్తంగా జవాబులు ఇస్తున్నాను. క్లుప్తంగా రాసినందుకు ఎవరూ నొచ్చుకోవద్దు.

*మాస్టారూ, మా నాన్నగారికి మోటార్ న్యూరాన్ జబ్బు. మాట పోయింది, చేతులు కదలవు. కళ్లు మాత్రం చక్కగా తిరుగుతున్నాయి, అన్నీ అర్థమవుతున్నాయి. కళ్లతో టైపు చేసే యంత్రం తెప్పించమని ఒక ఏజెన్సీ వారు వెంటపడుతున్నారు. ధర లక్షల్లో ఉంది. అప్పు చేసైనా కొంటాం. నిజంగా పనిచేస్తుందా? మన చూపు దానికెలా తెలుస్తుంది? — ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు*

పనిచేస్తుంది. అయినా అప్పు ఇప్పుడే చేయకండి.

ముందు దాని పనితీరు చెబుతాను. స్క్రీను అడుగున సన్నటి బద్దలాంటి పరికరం ఉంటుంది. అందులోంచి కంటికి కనిపించని పరారుణ కాంతి ముఖం మీద పడుతుంది. ఆ వెలుగులో కెమెరాకు రెండు గుర్తులు స్పష్టంగా దొరుకుతాయి. ఒకటి కంటిపాప నల్లటి గుండ్రం. రెండోది కార్నియా, అంటే కంటి ముందుండే పారదర్శకమైన పొర మీద మెరిసే చిన్న తెల్లచుక్క. కన్ను తిరిగితే గుండ్రం జరుగుతుంది, చుక్క దాదాపు ఉన్నచోటే ఉంటుంది. ఆ రెంటి మధ్య ఎడం చూసి, చూపు ఎటు పోయిందో యంత్రం లెక్క కడుతుంది. కళ్ల నిర్మాణం మనిషి మనిషికీ కొద్దిగా మారుతుంది కాబట్టి వాడే ముందు స్క్రీను మీద ఐదో, తొమ్మిదో చుక్కలు ఒక్కొక్కటిగా చూపించి, వాటినే చూడమంటుంది. దీన్నే కాలిబ్రేషన్ అంటారు.

అందుకే ఏజెన్సీ కుర్రాడు కుర్చీలో నిటారుగా కూర్చుని తన కళ్లతో చేసి చూపించే డెమోకు విలువ ఇవ్వకండి. డెమో మీ ఇంట్లో, మీ నాన్నగారి మంచం మీద, ఆయన కళ్లజోడుతోనే జరగాలి. తల దిండులోకి కుంగిపోయినా, పై రెప్ప వాలి కంటిపాపను సగం కప్పినా, రెండు పవర్లున్న అద్దాల గీత మధ్యలో అడ్డం వచ్చినా లెక్క తప్పుతుంది. కిటికీలోంచి ఎండ పడినా అంతే, ఎండలోనూ పరారుణం దండిగా ఉంటుంది. మన గుంటూరు ఎండ సంగతి నేను చెప్పాలా? మధ్యాహ్నం పూట, కర్టెన్ తీసి ఒకసారి, వేసి ఒకసారి చూపించమనండి.

మంచి యంత్రమైనా అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ వరకు తేడా చూపిస్తుంది. రెండడుగుల దూరంలో ఒక డిగ్రీ అంటే స్క్రీను మీద ఒక సెంటీమీటరు. కాబట్టి ఫోను కీబోర్డులాంటి చిన్న మీటలు కుదరవు, పెద్ద పెద్ద గళ్లు కావాలి.

అసలు చిక్కు మరొకటి ఉంది. కన్ను ఉన్నది చూడటానికి. దాని చేత మీట నొక్కించే పని మనం అంటగట్టాం. చూసిన ప్రతి గడినీ యంత్రం నొక్కేస్తే ఎలా? చూపు పడిందల్లా బుగ్గి కావడానికి మనం ముక్కంటి కాము కదా. 1990లో రాబర్ట్ జేకబ్ అనే అమెరికన్ పరిశోధకుడు ఈ ఇబ్బందికి మిడాస్ సమస్య అని పేరు పెట్టారు. పట్టుకున్నదల్లా బంగారమై, చివరికి అన్నం కూడా తినలేకపోయిన గ్రీకు రాజు పేరు అది. దీనికి వాడుకలో ఉన్న విరుగుడు చూపును నిలపడం. ఒకే గడి మీద చూపు కొంతసేపు కదలకుండా ఉంటేనే నొక్కినట్టు లెక్క. ఆ వ్యవధిని అలవాటైనవారు అర సెకను పెట్టుకుంటారు, కొత్తవారికి సెకను, అంతకంటే ఎక్కువ కూడా కావాలి. మొదటిరోజే వేగంగా పెడితే ఆయన అనుకోని అక్షరాలు పడి, విసుగొచ్చి కళ్లు మూసుకుంటారు. మళ్లీ తెరిపించడం మీ వల్ల కాదు.

ఇక తెలుగు సంగతి. ‘నీళ్లు’ అని టైపు చేయడానికి న, గుడి దీర్ఘం, ళ, పొల్లు, ల, కొమ్ము, మొత్తం ఆరు మీటలు కావాలి. ఒక్కోదానికి సెకను చూపు నిలిపి, తర్వాతిదాన్ని వెతుక్కోవడానికి ఇంకో సెకను పట్టిందనుకోండి, దాహమైన మనిషి పన్నెండు సెకన్లు తదేకంగా చూడాలి. అందుకని మొదటి పేజీలో అక్షరాలే వద్దు. ‘నీళ్లు’, ‘పక్కకు తిప్పండి’, ‘కఫం తీయండి’, ‘దురద’, ‘ఫ్యాన్ తగ్గించండి’, ‘టీవీ కట్టేయండి’ వంటి మాటలు గడికొకటి పెట్టించండి. ఏ మాటలు పెట్టాలో మీరు తేల్చకండి, ఆయన్ను అడగండి. మంచంలో ఉన్నవారు మనం ఊహించనివి కోరతారు. ‘నా ముందు నా గురించి మాట్లాడకండి’ అన్న గడి కావాలని పట్టుబట్టిన పెద్దావిడ ఒకరు విజయవాడ సత్యనారాయణపురంలో నాకు తెలుసు.

ఇప్పుడు అప్పు ఎందుకు వద్దన్నానో చెబుతాను. ముందు పారదర్శకమైన యాక్రిలిక్ షీటు ఒకటి కొనండి. అరండల్‌పేట వైపు నేమ్‌బోర్డులు చేసే షాపుల్లో అడిగితే కోసిస్తారు. రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు చాలు. మధ్యలో మీ ముఖం కనిపించేంత కన్నం పెట్టించండి. నాలుగు మూలలు, నాలుగు అంచుల నడుములు కలిపి ఎనిమిది చోట్లు వస్తాయి. మన వర్ణమాల వీటిలో భలే ఇముడుతుంది. క, చ, ట, త, ప వర్గాలకు ఐదు చోట్లు. య, ర, ల, వ, శ, ష, స, హ సరిగ్గా ఎనిమిది అక్షరాలు, వాటికి ఆరో చోటు. అ, ఇ, ఉ, ఎ, ఐ, ఒ, ఔ, సున్నా, ఇవీ ఎనిమిదే, వాటికి ఏడోది. ళ అక్షరాన్ని ట వర్గంలో కలపండి. ఎనిమిదో చోట ‘తప్పు, మళ్లీ’ అని రాయండి. ప్రతి గుంపులోని అక్షరాలను కూడా అదే ఎనిమిది దిక్కుల్లో అమర్చండి.

షీటును ఇద్దరి ముఖాల మధ్య పట్టుకోండి. ఆయన మొదట గుంపు ఉన్న దిక్కు చూస్తారు, తర్వాత ఆ గుంపులో అక్షరం ఏ దిక్కున ఉందో షీటు మీద ఆ దిక్కు చూస్తారు. రెండు చూపులకు ఒక అక్షరం. మీరు పైకి చదవాలి. సరైతే రెప్ప వేస్తారు. దీర్ఘాలు, వత్తులు వదిలేయండి. న, ఇ, ళ అనగానే ‘నీళ్లా?’ అని మీరే అడిగేస్తారు. ఒక్క జాగ్రత్త: ఆయన ఎడమ మీకు కుడి. అందుకే షీటు వెనకవైపు మీకు కనిపించేలా అవే అక్షరాలు అతికించుకోండి. కరెంటు పోయినా, ఎండ పడినా, ఆసుపత్రికి అంబులెన్సులో వెళ్తున్నా ఇది పనిచేస్తుంది. యంత్రం కొన్న ఇళ్లలో కూడా ఈ షీటు ఒకటి ఉండి తీరాలి.

ఇది చేతికి అలవాటయ్యాక, ఇంట్లో ఎవరికైనా ఐఫోన్ 12 గానీ, ఆ తర్వాతి మోడలు గానీ ఉందేమో చూడండి. 2024లో వచ్చిన ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 18 నుంచి ముందు కెమెరాతోనే చూపుతో నడిపే సదుపాయం అందులో ఉంది. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద ఉంటుంది. ఫోనును స్టాండుకు బిగించి ముఖానికి అడుగున్నర దూరంలో పెట్టాలి, చేత్తో పట్టుకుంటే లాభం లేదు. పెద్ద యంత్రమంత నికరంగా ఉండదు కానీ ఆయనకు ఈ పద్ధతి నచ్చుతుందో లేదో ఖర్చు లేకుండా తెలుస్తుంది.

నచ్చితే అప్పుడు ఏజెన్సీ వారిని పిలిచి, నెలరోజులు అద్దెకు ఇస్తారా, తెలుగు కీబోర్డు ఉందా, రాసింది తెలుగులో పైకి చదువుతుందా, మంచానికి బిగించే స్టాండు ధరలో కలిసి ఉందా, పాడైతే బాగుచేసేవారు ఎక్కడుంటారు అని అడగండి. నీళ్లు నమిలితే పంపించేయండి. ఈ జబ్బులో ఎక్కువమందికి కంటి కదలికలు చాలాకాలం నిలుస్తాయి కాబట్టి, సరిగ్గా కుదిరిన యంత్రం మీద పెట్టిన డబ్బు వృథా పోదు. కుదరనిది కొంటేనే నష్టం.

*మాట పోయిన శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ కళ్లతోనే కదా కంప్యూటర్ వాడింది? — ఒక పాఠకురాలు, తెనాలి*

కాదమ్మా, చెంపతో. స్క్రీను మీద అక్షరాల వరుసలు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతుంటే, కావలసినచోట చెంప కండరం కదిపి ఆపేవారు. కళ్లజోడుకు తగిలించిన చిన్న సెన్సారు ఆ కదలికను గుర్తించేది. అంతకుముందు చేతిలో స్విచ్ ఉండేది. పైన రాసిన గుంటూరు పాఠకుడు కూడా ఇది గుర్తుంచుకోవాలి. వేలు, చెంప, కనుబొమ, ఏదో ఒకటి నమ్మకంగా కదిలితే కళ్లకు ఆ శ్రమ తప్పించవచ్చు.

*బీసెంట్ రోడ్డులో మాకు చీరల షాపు ఉంది. కొనేవారికి ప్రత్యేకమైన కళ్లజోళ్లు పెట్టి, వాళ్లు ఏ అలమర వైపు ఎక్కువ చూస్తున్నారో రంగుల పటం గీసిస్తామని ఒక కంపెనీ వచ్చింది. లాభమేనా? — ఒక వ్యాపారి, విజయవాడ*

పటం అందంగా ఉంటుంది. ఎక్కువసేపు చూసిన చోట ఎరుపు, తక్కువ చూసిన చోట ఆకుపచ్చ. కానీ చూడటం వేరు, మెచ్చడం వేరు. ధర చీటీ చదవలేక కూడా కన్ను అక్కడే ఆగవచ్చు, ‘ఇంత రేటా!’ అని నివ్వెరపోయీ ఆగవచ్చు. ఆల్‌ఫ్రెడ్ యార్బస్ అనే సోవియట్ శాస్త్రవేత్త కొందరు మనుషులున్న ఒకే చిత్రపటాన్ని ఒక వ్యక్తికి చూపించి, ఒకసారి ‘వీళ్లు ఎంత కలిగినవారో చెప్పండి’ అనీ, ఇంకోసారి ‘వీళ్ల వయసెంత’ అనీ అడిగితే చూపు నడిచిన దారి పూర్తిగా మారిపోయింది. పెళ్లి చీరకు వచ్చిన ఆవిడ చూపు అంచు మీద ఉంటుంది, ఆమె భర్త చూపు కుర్చీ మీద ఉంటుంది. ఎవరు ఏ పని మీద వచ్చారో రాసుకోకుండా గీసిన పటంతో అలమర జరిపితే పనివాళ్ల నడుములు నొప్పి పెట్టడం తప్ప ఒరిగేది లేదు.

పైగా కళ్లజోడు పెట్టినట్టు వాళ్లకు తెలుసు, మామూలుగా చూడరు. పోనీ తెలియకుండా కెమెరా పెడదామంటే, వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది, అనుమతి లేకుండా ముఖాల జోలికి పోవద్దు. సేల్స్ అమ్మాయిలను సాయంత్రం కూర్చోబెట్టి, కొనేవారు ఏమి అడిగారో, లేదని చెబితే ఏ షాపు వైపు వెళ్లారో రాయించండి.

*లారీలో డ్రైవరు కునుకు తీస్తే అరిచే కెమెరా పెట్టించాను. రాత్రిపూట, కళ్లజోడు ఉన్నా పనిచేస్తుందా? — లారీ యజమాని, ఆటోనగర్*

రాత్రి పనిచేస్తుంది, పరారుణ కాంతిని అదే వేసుకుంటుంది. మామూలు కళ్లజోడుతో ఇబ్బంది తక్కువ, కొన్ని నల్ల కళ్లద్దాలు మాత్రం ఆ కాంతిని ఆపేస్తాయి. ఇలాంటి కెమెరాల్లో చాలా వరకు లెక్క వేసేది చూపు దిక్కు కంటే రెప్పల సంగతి. కంటిపాపలో ఐదింట నాలుగు వంతులు రెప్ప కప్పేసిన సమయం, నిమిషంలో ఎంత భాగం ఉందన్నది పాత కొలత. ఐరోపాలో 2024 జులై నుంచి కొత్త వాహనాలకు నిద్రమత్తు హెచ్చరిక తప్పనిసరి చేశారు. కానీ ఒక మాట. అరుపు వినిపించిన డ్రైవరు లారీ ఆపి గంటసేపు పడుకుంటే మీరు జీతం కోయరని అతనికి చెప్పారా? చెప్పకపోతే అతను చేసే మొదటి పని కెమెరాకు గుడ్డ కప్పడం.

*ల్యాప్‌టాప్ కెమెరాతో చూపును పట్టే ప్రాజెక్టు చేయాలనుకుంటున్నాను. సాధ్యమేనా? — ఇంజినీరింగ్ విద్యార్థిని, కంకిపాడు*

సాధ్యమే. బ్రౌన్ విశ్వవిద్యాలయం వారి వెబ్‌గేజర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, బ్రౌజరులోనే నడుస్తుంది. పరారుణ దీపం లేదు కాబట్టి తేడా డిగ్రీల్లో పెరిగి, స్క్రీను మీద కొన్ని సెంటీమీటర్లు అవుతుంది. దానితో మౌసు బాణాన్ని నడపాలని చూడకు, ఏడిపిస్తుంది. స్క్రీనును ఆరో, తొమ్మిదో పెద్ద గళ్లు చేసి, ఏ గడి చూస్తున్నారన్నది మాత్రం పట్టు. పైన చెప్పిన ఎనిమిది దిక్కుల తెలుగు పలకనే స్క్రీను మీదికి తెచ్చి, ఒక్కో మాటకు ఎన్ని చూపులు పడుతున్నాయో లెక్క తీస్తే అదే మంచి ప్రాజెక్టు. పరీక్షించే రోజు దీపం ముఖానికి ఎదురుగా పెట్టు, వెనక కిటికీ మూసెయ్యి. కళ్లజోడు ఉన్నవారిని, కాటుక దట్టంగా పెట్టుకున్నవారిని తప్పకుండా కూర్చోబెట్టు, పొరపాట్లు ఎక్కువ బయటపడేది వాళ్ల దగ్గరే. కళ్లజోడు లేని నలుగురు స్నేహితురాళ్లతో కానిచ్చేస్తే వైవాలో మొదటి ప్రశ్న దాని గురించే వస్తుంది.