ప్లాస్టిక్ మల్చింగ్ షీటుకు బదులు ఉన్ని పట్టా పనికొస్తుందా?

తడి ఆరకుండా, గడ్డి మొలవకుండా మొక్కల మొదళ్ళలో నేల మీద పరిచేదే మల్చింగ్ షీటు. కోడి ఈకలతో, వృథా ఉన్నితో మట్టిలో కలిసిపోయే షీట్లు చేస్తున్నారట కదా, ప్లాస్టిక్ మానేసి వాటికి మారొచ్చా అని అడిగారు. ఈకల షీటు నేను వాడలేదు. ఉన్ని పట్టాలు మాత్రం మా నిమ్మ మొక్కల మొదళ్ళలో వేస్తున్నాను.

మాది మహబూబ్‌నగర్ వైపు. ఇంట్లో దక్కనీ గొర్రెలున్నాయి. గొంగళ్ళు నేసేవాళ్ళు తగ్గిపోయాక ఆ నల్ల బొచ్చు అడిగే నాథుడు లేడు, అమ్మితే కత్తిరింపు కూలి కూడా రాదు. గట్ల మీద పారేసే ఆ బొచ్చునే ఏకి, పొరలుగా పరిచి, సబ్బు కలిపిన వేడినీళ్ళు చల్లి, గోనెపట్టాలో చుట్టి కాళ్ళతో దొర్లిస్తాం. ప్రతి వెంట్రుక మీదా సన్నటి పొలుసులుంటాయి. రాపిడికి అవి ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. విప్పితే వేలెడు మందాన పట్టా తయారు. నడుమ దాకా కోసి మొక్క చుట్టూ తొడగడమే. ఏకే ముందు పల్లేరు కాయలు ఏరడానికి బద్ధకించొద్దు, కలుపును మీరే విత్తినట్టవుతుంది.

ఎండాకాలంలో పట్టా ఎత్తి చూస్తే కింద మట్టి తడిగానే ఉంటుంది. గడ్డి బాగా తగ్గింది. తుంగ మాత్రం పొడుచుకొస్తుంది, అది ప్లాస్టిక్‌నే చీల్చుకుని వచ్చే రకం! కొత్త పట్టా మీద జిడ్డుకు నీళ్ళు జారిపోతాయి కాబట్టి డ్రిప్ పైపును పట్టా కిందే పెట్టండి. పైన రాళ్ళు పెట్టకపోతే కాకులు గూళ్ళకు పీక్కుపోతాయి.

ఉన్నిలోనూ ఈకలోనూ ఉండేది కెరాటిన్ అనే ప్రోటీనే. గంధకం బంధాల వల్ల అది నిదానంగా చివుకుతుంది. శుభ్రమైన ఉన్నిలో దాదాపు 16 శాతం నత్రజని ఉన్నా మొక్కకు మెల్లగా అందుతుంది, అందుకని వెంటనే యూరియా తగ్గించకండి. ఈక పోగులు పొట్టివి, వడకడానికి రావు; వేరే పీచు కలిపి అదిమితేనే షీటు అవుతుంది. పచ్చి ఈకలు తెచ్చి పరిచారంటే కంపు, ఈగలు, వీధికుక్కలు!

ప్రోటీన్‌తో దారం తీయడం కొత్తేమీ కాదు. 1950ల్లో బ్రిటన్‌లో వేరుశనగ ప్రోటీన్‌తో ఆర్డిల్ అనే దారం తీశారు. తడిస్తే బలం తగ్గేది, కొన్నేళ్ళకే ఆపేశారు. బట్టలకు అది లోపమే గానీ, ఒక పంటకాలం ఆగి చివికిపోవాల్సిన షీటుకు మరీ అంత లోపం కాదని నా అభిప్రాయం.

ఎకరాలకెకరాల మిర్చికి, టమాటాకు అయితే ఈ పట్టాలు కుదరవు, అంత ఉన్ని ఎక్కడ తెస్తాం? అక్కడ వరిగడ్డి పరచడం మేలు. పండ్ల మొక్కలకు, మిద్దెతోట కుండీలకు మాత్రం నిస్సందేహంగా వేసుకోండి. దగ్గర్లో మంద ఉంటే కత్తిరింపుకు ముందే వాళ్ళకు చెప్పి ఉంచండి, లేకపోతే అదే రోజు పారేస్తారు.