సెప్సిస్ శిక్షణ: ముందు ఊపిరి లెక్కపెట్టడం నేర్పండి

మీ ఆసుపత్రిలో నర్సులు సెప్సిస్‌ను (ఇన్ఫెక్షన్‌కు శరీరం అదుపు తప్పి స్పందించి అవయవాలు దెబ్బతినే స్థితిని) ముందుగా గుర్తించాలంటే ఏ చార్టు పెట్టాలని అడిగారు. హన్మకొండలో పదహారేళ్లుగా నర్సుగా ఉన్నాను, కొత్తవారికి పని నేర్పుతున్నాను. చార్టు ఏదైనా సరే, ముందు ఊపిరి లెక్కపెట్టడం నేర్పండి.

చాలా ఏళ్ల క్రితం నర్సంపేట వైపు నుంచి ఒక పత్తి రైతు మా వార్డుకు వచ్చాడు. షుగరు, కాలికి పుండు. జ్వరం లేదు. రాత్రంతా కేస్ షీటులో నిమిషానికి శ్వాస 18, 18, 18. ఎవరూ లెక్కపెట్టలేదు. ఆ అంకె రాసినవారిలో నేనూ ఉన్నాను. "సాయంత్రం నుంచి పొంతన లేకుండా మాట్లాడుతున్నాడు సిస్టర్" అని ఆయన భార్య రెండుసార్లు చెప్పింది. నిద్రలేమి అనుకున్నాం. తెల్లవారి లెక్కపెడితే 34. ఐసీయూకు మార్చినా దక్కలేదు.

అందుకే నా శిక్షణ తరగతి గదిలో ఉండదు. డ్యూటీ మారే వేళ పది నిమిషాలు, మంచం పక్కనే. నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకుని, నిండా ఒక నిమిషం ఛాతీ కదలికలు లెక్కించాలి. గమనిస్తున్నామని తెలిస్తే రోగి ఊపిరి తీరు మారుతుంది. ఇద్దరు విడివిడిగా లెక్కించి పోల్చుకోవాలి.

శ్వాస 22 లేదా అంతకు మించడం, పై బీపీ 100 లేదా అంతకు తగ్గడం, తెలివిలో మార్పు: ఈ మూడింటిలో రెండుంటే ప్రమాదం. కానీ ఈ మూడింటి మీదే ఆధారపడవద్దని 2021 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్పాయి. మూత్రం తగ్గిందా, చేతులు చల్లబడ్డాయా కూడా చూడాలి. వృద్ధులకు జ్వరం రాకపోవచ్చు, ఒళ్లు చల్లబడవచ్చు కూడా.

గుర్తించాక డాక్టరును నిద్ర లేపడానికి జంకుతారు. అదే అసలు కష్టం. కాబట్టి ఫోనులో చెప్పే మాటను కూడా నోటికి వచ్చేదాకా పలికిస్తాను: "ఆరో బెడ్, కాలి పుండు, శ్వాస 28, బీపీ 94, మాట తడబడుతోంది. సెప్సిస్ అని అనుమానం, వెంటనే రండి సార్." సెప్సిస్‌తో బీపీ పడిపోయి షాక్‌లో ఉన్నవారికి గంటలోపు యాంటీబయాటిక్ పడాలి. కల్చర్‌కు, అంటే ఏ క్రిమో తేల్చే పరీక్షకు, రక్తం ఆ మందు వేయకముందే తీయాలి, అయితే దానికోసం మందు ఆపకూడదు.

మా చార్టు చివర ఒక గడి కలిపాం: "ఇంటివారు ఏమన్నారు?" అది ఖాళీగా ఉంటే డ్యూటీ అప్పగించనివ్వను.