ఈశాన్యంలో ఫౌంటెన్, కింద అంతస్తులో బాత్‌రూమ్

ప్రశ్న: మహబూబ్‌నగర్‌లో 40 మందితో బ్యాక్ ఆఫీసు నడుపుతున్నాను. పని నేర్చుకోగానే హైదరాబాద్ వెళ్లిపోతున్నారు. మంచి ఇంటీరియర్ చేయించి, పార్కింగ్ ఉండే చోటు చూసుకుని హైవే వైపు మారితే ఉద్యోగులు నిలుస్తారా?

ఆఫీసు బాగుంటే నిలుస్తారు. అయితే మీరు డబ్బు పెట్టాలనుకుంటున్న చోటే తేడా ఉంది. రిసెప్షన్‌లో సోఫాలు చూసి చేరినవాళ్లు ఉంటే ఉండవచ్చు గాని, ఆ సోఫాల కోసం ఉండిపోయిన మనిషిని నేనింతవరకు చూడలేదు. వాటి మీద కూర్చునేది వచ్చిపోయేవాళ్లు.

నేను ఇదే ఊళ్లో, న్యూటౌన్‌లో, ఒక విత్తనాల కంపెనీ శాఖలో అకౌంట్స్ చూశాను. గద్వాల వైపు పత్తి విత్తనం పండించే రైతుల లెక్కలు, కంపెనీకీ రైతుకూ మధ్య ఉండే ఆర్గనైజర్లకు ఇచ్చిన అడ్వాన్సులు, పరీక్షలో పోయిన విత్తనాల లాట్లు అన్నీ మా బల్లల మీదికే వచ్చేవి. ఆ పని ఒక సీజన్ దగ్గరుండి చూస్తే గాని ఒంటబట్టదు. ఏ ఆర్గనైజరు కింద ఏ రైతు ఉన్నాడో, పాత బాకీ ఎక్కడ ఆగిందో కంప్యూటర్లో ఉంటుంది నిజమే, ఎక్కడ వెతకాలో మాత్రం మనిషికే తెలియాలి. అలా తెలిసినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే.

మా ఆఫీసు మూడో అంతస్తులో ఉండేది. ఒక ఏడాది యజమానికి దాన్ని కొత్తగా తీర్చిదిద్దాలనిపించింది. హైదరాబాద్ నుంచి డిజైనర్ వచ్చాడు, ఆయన వెనకే వాస్తు చూసే పెద్దమనిషి వచ్చాడు. ఈయన దిక్సూచి పట్టుకుని గదులన్నీ తిరిగి, ఆడవాళ్ల బాత్‌రూమ్ ఈశాన్యంలో ఉందనీ, వ్యాపారం పెరగకపోవడానికి అదే కారణమనీ తేల్చాడు. ఈశాన్యంలో నీళ్లు పారాలట. వారం తిరక్కుండా బాత్‌రూమ్ పగలగొట్టి అక్కడ ఫౌంటెన్ పెట్టారు. నల్లరాతి పలక మీద నుంచి నీళ్లు జారుతుంటాయి, అడుగున నీలం దీపం. మాకేమో కింది అంతస్తులో కాంప్లెక్స్ మొత్తానికీ ఉన్న ఉమ్మడి బాత్‌రూమ్ చూపించారు. దానికి తాళం, తాళంచెవి వాచ్‌మన్ జేబులో. వాచ్‌మన్ మంచివాడే. కానీ ఆయన టీకి వెళ్తే తాళంచెవీ టీకి వెళ్లేది.

మెట్లన్నీ దిగి, సెల్‌ఫోన్ షాపు ముందు నిలబడే కుర్రాళ్ల మధ్య నుంచి వెళ్లి "అన్నా, తాళంచెవి ఇవ్వండి" అని అడగాలి. ఎందుకు అడుగుతున్నారో అక్కడున్న అందరికీ తెలుసు. నెలసరి రోజుల్లో అది ఎలా ఉంటుందో మీ ఇంట్లోవాళ్లను అడగండి. చివరికి మావాళ్లు నీళ్లు తాగడమే తగ్గించేశారు. పాలమూరు ఎండాకాలంలో, పడమటి వైపు కొత్తగా బిగించిన అద్దాల గోడ పక్కన, గొంతు తడుపుకోవడానికి కూడా ఆలోచిస్తూ పనిచేశారు. ఫౌంటెన్ మాత్రం ఆఫీసు తెరిచినప్పటి నుంచి మూసేదాకా పారుతూనే ఉండేది.

మొదట డేటా ఎంట్రీ అమ్మాయి మానేసింది, పెళ్లి కుదిరిందని చెప్పింది. తర్వాత కడుపుతో ఉన్న ఒకామె. ఆ తర్వాత మా అందరికీ పెద్ద దిక్కయిన అక్క, ఆర్గనైజర్ల ఖాతాలు నోటితో అప్పజెప్పగలిగిన మనిషి. యజమాని ఆమెను గదిలోకి పిలిచి జీతం పెంచుతానన్నారు. బయటికి రాగానే "ఏమన్నారక్కా?" అని అడిగితే, "జీతం పెరుగుతుందట. మెట్లు తగ్గుతాయా అని అడగలేకపోయాను" అంది. లేఖలో ఆమె కూడా అందరిలాగే "వ్యక్తిగత కారణాల వల్ల" అనే రాసింది. బాత్‌రూమ్ లేక పోతున్నానని మగ యజమానికి ఎవరు రాసిస్తారు? ఆయన ఆ లేఖలన్నీ ఫైలులో పెట్టుకుని, ఈ కాలం ఆడపిల్లలకు నిలకడ లేదని నిర్ధారించుకున్నారు. ఆ సీజన్‌లో రైతుల చెల్లింపులు ఆలస్యమయ్యాయి. గద్వాల నుంచి ఆర్గనైజర్లు జీపు మాట్లాడుకుని వచ్చి ఆ ఫౌంటెన్ ఎదురుగానే గొడవకు దిగారు.

ఫ్యాక్టరీలకైతే 1948 చట్టంలోనే ఇవన్నీ రాశారు. ఆడవాళ్లకు విడిగా మరుగుదొడ్లు, 150 మంది దాటితే కూర్చుని తినడానికి గది, ఆడవాళ్లు 30 మంది దాటితే పసిపిల్లల గది. అద్దాల గోడల ఊసు అందులో లేదు. ఆఫీసు డిజైన్ అంటే నా దృష్టిలో సగం అక్కడే అయిపోతుంది. మీ డిజైనర్ ఒప్పుకోడు, ఆయనకు అందులో ఫోటో తీసుకునేది ఏమీ ఉండదు.

అడ్డుగోడలు తీసేస్తే అందరూ కలిసిమెలిసి ఉంటారని కూడా మీకు చెప్తారు, మాకూ చెప్పారు. 2018లో హార్వర్డ్‌కు చెందిన ఈథన్ బెర్న్‌స్టీన్, స్టీఫెన్ టర్బన్ రెండు కంపెనీల్లో ఉద్యోగులకు సెన్సర్లు తగిలించి చూస్తే, గోడలు తీశాక ఎదురెదురుగా మాట్లాడుకోవడం 70 శాతం దాకా పడిపోయింది, ఈమెయిళ్లు పెరిగాయి. మా ఆఫీసుకు సెన్సర్లు కూడా అక్కర్లేదు. పక్క కుర్చీలో ఉన్నావిడకు వాట్సాప్ పెట్టుకునేవాళ్లం, మాట్లాడితే గది మొత్తం వింటుంది కాబట్టి. పైగా నెత్తిన కెమెరా.

సందర్భం వచ్చింది కాబట్టి ఇది కూడా. మన క్లాక్ టవర్ చుట్టుపక్కల బట్టల షాపులకు వెళ్లినప్పుడు చీరలు చూపించే అమ్మాయిల కాళ్ల వైపు ఒకసారి చూడండి. రోజంతా నిలబడే ఉంటారు. కూర్చునే హక్కు కోసం కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టం మార్చాయి. పనివాళ్లు దొరకడం లేదని ఆ షాపుల వాళ్లు మొత్తుకుంటుంటారు. ఒక స్టూలు ఖరీదు ఎంత?

ఇక మీరు హైవే వైపు మారడం. దివిటిపల్లిలో 2023 మేలో ఐటీ టవర్ ప్రారంభమైనప్పటి నుంచి అందరి చూపూ అటే ఉంది. పార్కింగ్ కోసం అంటున్నారు గాని, మీ 40 మందిలో కార్లున్నవాళ్లు ఎందరు? దేవరకద్ర, కోయిలకొండ, నవాబ్‌పేట నుంచి వచ్చే అమ్మాయిలకు 2023 డిసెంబరు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు. బస్టాండుకు నడిచివెళ్లే దూరంలో ఆఫీసు ఉంటే రాకపోకల ఖర్చు సున్నా. ఊరి బయటికి మారిన రోజు నుంచి రెండు పూటలా ఆటో డబ్బులు వాళ్ల జీతంలోంచే పోతాయి, చీకటి పడ్డాక ఆటో దొరక్కపోతే ఇంట్లో మాటలు అదనం. మారాల్సిందే అనుకుంటే ముందు వాళ్లకు బండి ఏర్పాటు చేయండి. లేకపోతే ఊళ్లోనే ఉండండి. మీ ఒక్కరి పార్కింగే సమస్యయితే కారు ఇంట్లో వదిలి రండి.