ఆనకట్ట చరిత్రకు ఏది ఆధారం?

ప్రశ్న: ధవళేశ్వరం ఆనకట్ట వచ్చాక గోదావరి డెల్టా సేద్యంలో కలిగిన మార్పులపై పీహెచ్‌డీ చేస్తున్నాను. ఇంటర్నెట్‌లో వ్యాసాలు, వీడియోలు, శోధగంగలో (మన విశ్వవిద్యాలయాల పరిశోధనలు ఉంచే వెబ్‌సైటులో) సిద్ధాంత గ్రంథాలు కుప్పలుగా దొరుకుతున్నాయి గాని, ఒకే విషయానికి ఒక్కొక్కరు ఒక్కో అంకె ఇస్తున్నారు. దేన్ని నమ్మాలి? పాత రికార్డులు చూడక తప్పదా?
– ఒక పరిశోధక విద్యార్థిని, కాకినాడ

జవాబు: తప్పదు, అయితే అన్నింటికీ అక్కర్లేదు. ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయిందన్న పాటి సమాచారం ఏ విజ్ఞాన సర్వస్వంలోనైనా దొరుకుతుంది. నీరు వచ్చాక ఏ తాలూకాలో మెట్ట ఎంత మాగాణి అయింది, శిస్తు ఎంత పెరిగింది అన్నప్పుడే అసలు చిక్కు వస్తుంది.

ఆనకట్ట కట్టించిన ఇంజనీరు ఆర్థర్ కాటన్ 1840లలో ఇచ్చిన నివేదికలనే తీసుకోండి. అవి ఆనకట్టకు ప్రభుత్వ అనుమతి రాబట్టడానికి రాసినవి కనుక వాటిలోని ఆదాయపు అంకెలు అంచనాలే తప్ప ఫలితాలు కావు. నిజంగా వసూలైన శిస్తు తెలియాలంటే మద్రాసు రెవెన్యూ బోర్డు ప్రొసీడింగ్స్‌లోని జమాబందీ నివేదికలు, అంటే ఏటేటా శిస్తు లెక్క తేల్చిన నివేదికలు చూడాలి. వాటికోసం చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు వెళ్ళాలి. డెల్టా పనుల మీద వాల్ష్ 1896లో ప్రచురించిన గ్రంథం కాలువలు, లాకులు, మరమ్మతుల విషయంలో గట్టి ఆధారం. కాని ఆయన ఇంజనీరు. కౌలు రైతు కష్టసుఖాలకు ఆయన్ను సాక్షిగా పిలవకండి. గోదావరి స్నాన సంకల్పంలో కాటన్ దొరను తలుచుకునేవారన్న కథ కూడా ఆధారమే, ప్రజలు ఆయన్ను ఎలా గుర్తు పెట్టుకున్నారన్న ప్రశ్నకు మాత్రమే.

శోధగంగలోని గ్రంథాలను తీసిపారేయనక్కర్లేదు, వాటి ఉపయుక్త గ్రంథసూచి ఒక్కటే మీకు నెల రోజుల శ్రమ తగ్గించవచ్చు. అయితే ముగ్గురు ఒకే అంకె ఇచ్చారని ధైర్యపడకండి. అధోజ్ఞాపికలు (ఫుట్‌నోట్లు) పట్టుకుని వెనక్కి వెళితే ముగ్గురూ ఒకే పాత పుస్తకం దగ్గర తేలడం మామూలే, అలాంటప్పుడు మీకున్నది ఒక్క ఆధారమే. ఆ పుస్తకం మీరు స్వయంగా చూడనప్పుడు చూసినట్టు ఉటంకించకండి. తెలుగు పత్రికల మీద కూడా తొలి దశాబ్దాలకు పెద్ద ఆశ పెట్టుకోవద్దు. కందుకూరి వీరేశలింగం పత్రిక ‘వివేకవర్ధని’ వచ్చిందే 1874లో.

ఎగ్మూరులో సూచిక ముందు కూర్చున్నప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. 1859లో రాజమండ్రి, మచిలీపట్నం, గుంటూరు జిల్లాలను పునర్వ్యవస్థీకరించి గోదావరి, కృష్ణా జిల్లాలుగా చేశారు. కాబట్టి 1850ల కాగితాలను గోదావరి జిల్లా పేరుతో అడిగితే దొరకవు, రాజమండ్రి జిల్లా అని అడగాలి. 1859కి ముందూ వెనకా అంకెలను పోల్చేటప్పుడు హద్దులు మారిన సంగతి లెక్కలోకి తీసుకోకపోతే, జిల్లా పెరిగిందో పంట పెరిగిందో తేలదు. శిస్తు లెక్కలన్నీ ఫసలీ సంవత్సరాల్లో, అంటే జులైలో మొదలయ్యే రెవెన్యూ సంవత్సరాల్లో ఉంటాయి. ఫసలీకి 590 కలిపితే అది మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ 1262 అంటే 1852 జులైలో మొదలై 1853 నడిమికి ముగిసిన సంవత్సరం. నోట్సులో రెండూ పక్కపక్కనే రాసుకోండి.