బిడ్డకు ఏం చెప్పి పంపాలి?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. బిడ్డను హనుమకొండకు ఇచ్చి ఆరేళ్ళయింది. ప్రైవేటు ల్యాబులో పనిచేస్తది. అల్లుడు ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తిదారు దగ్గర గుమాస్తా. సద్దుల బతుకమ్మకు వచ్చినప్పుడు తలకు పోస్తుంటే వీపు మీద కమిలిన మచ్చలు కనబడ్డయి. తాగినప్పుడు కొడతడట. ఏటీఎం కార్డు కూడా ఆయన దగ్గరే ఉంటదట. "మీ నాయన కొట్టలేదా, నేను ఓర్చుకోలేదా, పిల్లగాని మొఖం చూసి సర్దుకో" అని పంపించిన. అప్పటి నుంచి సరిగ్గ ఫోన్ ఎత్తుత లేదు. దానికి ఎట్ల నచ్చజెప్పాలె?

జవాబు: అక్కా, బిడ్డ అలిగి ఫోన్ ఎత్తడం లేదని నేననుకోను. దెబ్బలు చూసి కూడా సర్దుకోమన్న తల్లికి ఇంకేం చెప్పాలో ఆమెకు తోచడం లేదు.

మీరు రాతిగుండె మనిషని అనడం లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన తెలంగాణ ఆడవాళ్ళను అడిగారు: చెప్పకుండా బయటికి పోతే, వంట బాగా చేయకపోతే, ఎదురు మాట్లాడితే, అత్తమామలను లెక్కచేయకపోతే, ఇలాంటి ఏ కారణానికైనా భర్త కొట్టొచ్చా అని. నూటికి 84 మంది ఏదో ఒకదానికి కొట్టొచ్చన్నారు. మగవాళ్ళలో అలా అన్నది 70 మందే. ఆ లెక్క చూసినప్పుడల్లా నాకు కడుపులో తిప్పుతుంది. అదే సర్వేలో పెళ్ళయిన ఆడవాళ్ళలో దాదాపు 37 శాతం మంది భర్త చేతిలో హింస చూశామని చెప్పారు. దేశం మొత్తానికి అది 29.

దేశవ్యాప్తంగా దెబ్బలు తిన్నవాళ్ళలో ఎక్కువ మంది ఎవరికీ చెప్పుకోరు. సాయం అడిగే కొద్దిమందీ ఎక్కువగా పోయేది పుట్టింటికే. మీ బిడ్డ నోరు విప్పి చెప్పింది, అదీ మీకే. మీ మాటకు ఎంత బరువుందో చూడండి. తల్లి దెబ్బలు తినడం చూసి పెరిగిన ఆడపిల్లలే పెళ్ళయ్యాక ఎక్కువగా దెబ్బలు తింటున్నారని కూడా ఈ సర్వేలు చూపిస్తున్నాయి. తప్పు మీదని కాదు, కొట్టినవాళ్ళదే. కానీ మనవడు ఇప్పుడు అదే చూస్తున్నాడు.

తాగితేనే కొడతాడంటున్నారు. తాగుడు గొడవను పెంచుతుంది, నిజమే. అయినా మార్కెట్ యార్డులో తూకం వేసే ఏ దడ్వాయి మీదా ఆయన చెయ్యెత్తినట్టు మీరు రాయలేదు. మందు మాన్పించే చికిత్స ఇప్పించండి, కానీ అది పనిచేసేదాకా బిడ్డ దెబ్బలు తింటూ ఉండాలని లేదు. దెబ్బలంటే కమిలిన మచ్చలతో పోయేవి కావు. నిద్ర పట్టకపోవడం, ఎప్పుడూ తలనొప్పి, డిప్రెషన్ అన్నీ వెంట వస్తాయి.

కుల పెద్దలను కూర్చోబెడతామని మీవాళ్ళు అంటారేమో. వద్దనను. కానీ నేను చూసిన పంచాయితీలు చాలావరకు "ఇద్దరూ తగ్గండి" అని ముగిశాయి. ఒక్కరే కొడుతుంటే ఇద్దరూ తగ్గడమేంటో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

గృహహింస చట్టం ఉంది, 2006 నుంచి అమల్లో ఉంది. విడాకులు అడగక్కరలేదు. కొట్టకుండా, ఇంట్లోంచి గెంటకుండా మేజిస్ట్రేట్ ఉత్తర్వు ఇవ్వొచ్చు. ఇల్లు అత్తమామల పేరు మీదున్నా కాపురమున్న కోడలు అక్కడ ఉండే హక్కు అడగొచ్చని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. జీతం లాక్కోవడం కూడా ఆ చట్టం కింద హింసే. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే, హింసకు గురైన ఆడవాళ్ళకు సాయం చేసే సఖి కేంద్రానికి దారి చూపిస్తారు. కొడుతున్నప్పుడైతే పోలీసులకు 100 లేదా 112. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఆడవాళ్ళకు ఉచితంగా లాయర్‌ను పెడతారు. డాక్టర్ దగ్గర జారిపడ్డానని కాకుండా కొట్టాడనే చెప్పమనండి. ఆ చీటీ రేపు పనికొస్తుంది.

అయితే తొందరపడి అల్లుణ్ణి నిలదీయకండి. వెళ్ళిపోతుందని తెలిసినప్పుడే కొందరు ఇంకా రెచ్చిపోతారు. ఎప్పుడు ఏం చేయాలో బిడ్డనే నిర్ణయించుకోనివ్వండి. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, పిల్లవాడి జనన ధ్రువపత్రం జిరాక్సులు మీ దగ్గర పెట్టుకోండి. జీతం పడేందుకు ఆమె పేరున ఇంకో ఖాతా తెరవొచ్చు.

ఫోన్ ఎత్తకపోతే ఆమె డ్యూటీలో ఉన్న వేళ ల్యాబుకే వెళ్ళండి. "ఆ రోజు తప్పు మాట్లాడిన బిడ్డా, ఎప్పుడైనా రా" అనండి చాలు. ఇంట్లో ఆయన పక్కనుంటే విప్పి చెప్పలేదు కాబట్టి ఇద్దరూ ఒక మాట అనుకోండి. "అమ్మా, సకినాలు పంపు" అని ఫోన్‌లో అంటే, మీరు వెంటనే ఆటో మాట్లాడుకుని ఆమె దగ్గరికి బయలుదేరాలన్నమాట.